ఇంటర్వ్యూ ముగిసిన పిమ్మట

మన కళాశాలలో తెలుగు తరగతికీ ఉర్దూ తరగతికీ నడుమ ఒక్క గోడ మాత్రమే అడ్డు. ఒక విషయమున ఆ గోడయు లేదు. ఉర్దూవారి ‘ఇంతెజార్’ అను మాటలో ‘నజర్’ దాగియున్నది, అనగా చూపు. సంస్కృతము నుండి మనకు వచ్చిన ‘నిరీక్షణ’లో ఈక్షణము కలదు, అదియు చూపే. ఇక అచ్చతెలుగు ‘ఎదురుచూపు’ను విప్పి చెప్పనక్కర లేదు. అందరును వేచియుండుటను కంటితో చేయు పనిగానే భావించిరి. ఇంటర్వ్యూకు పోయివచ్చి, ఫలితము తెలియక ఇంట కూర్చున్న యువకుని చూచినవారికి ఇది ఎంత నిజమో తెలియును. పూర్వము వాని చూపు వీధి మలుపున కనిపించు తపాలా బంట్రోతు మీద ఉండెడిది. నేడు అరచేతిలోని ఫోను మీద ఉన్నది.

చివరి సంవత్సరము ముగించిన విద్యార్థులు మా వద్దకు వచ్చి, “సార్, ఇంటర్వ్యూ బాగా జరిగింది. మూడు వారాలయింది, కబురు లేదు. ఇక రాదనుకోవాలా?” అని అడుగుట పరిపాటి అయినది. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. ఇంటర్వ్యూ గది తలుపు మూసికొనిన తరువాత లోపల ఏమి జరుగునో తెలిసికొనినచో కొంత ఊరట కలుగును.

ప్రైవేటు సంస్థలలో సాధారణముగా ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల పేర్లను వరుసలో వ్రాసికొందురు. మొదటి వానికి కబురు పోవును. అతడు వేరొకచోట పనిచేయుచున్నవాడైనచో అక్కడ నెల మొదలు మూడు నెలల వరకు ముందస్తు నోటీసు ఇయ్యవలసి యుండును. జీతము విషయమున బేరము సాగవచ్చును. కడకు అతడు రాకపోవచ్చును కూడ. అందుచేత అతడు వచ్చి చేరువరకు రెండవ వానికి ‘లేదు’ అని చెప్పరు. ‘ఉన్నది’ అనియు చెప్పరు. వాని పేరు సొరుగులో ఉండును. సంతకము చేయవలసిన అధికారి సెలవులో ఉండుట, ఆ కొలువునకు జీతపు సొమ్ము ఇంకను మంజూరు కాకుండుట వంటి కారణములును కలవు. కావున మౌనమునకు అర్థము నిరాకరణము మాత్రమే కాదు. అంగీకారము అంతకన్నను కాదు.

ప్రభుత్వ కొలువుల తీరు వేరు. అక్కడ ఇంటర్వ్యూ పాత్ర నానాటికి తగ్గుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి గెజిటెడ్ కాని గ్రూపు-బి ఉద్యోగములకును, గ్రూపు-సి ఉద్యోగములకును ఇంటర్వ్యూలను తీసివేసినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూపు-1, గ్రూపు-2లకు తొలగించినది. సివిల్ సర్వీసులలో మాత్రము 2025 మార్కులకు గాను 275 నేటికిని ఇంటర్వ్యూవే. అయితే ఇంటర్వ్యూ పోయినంత మాత్రమున నిరీక్షణ పోలేదు. 2022 ఏప్రిలులో తెలంగాణలో 503 గ్రూపు-1 ఉద్యోగములకు ప్రకటన వెలువడినది. ప్రశ్నపత్రము బయటపడుటచే ఆ ప్రాథమిక పరీక్ష రద్దయినది. 2023లో మరల జరిపిన పరీక్షను హైకోర్టు రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు సరికొత్త ప్రకటన వచ్చినది. ఇరువది రెండేండ్ల వయసున దరఖాస్తు పెట్టినవాడు ఇరువది నాలుగేండ్ల వయసున మరల మొదటి మెట్టు మీద నిలిచినాడు.

జాబితాలో పేరు వచ్చినదని మిఠాయిలు పంచువారు కూడ ఒక సంగతి ఎరుగవలెను. ఎంపిక జాబితాలో పేరుండుట చేతనే నియామకమునకు తిరుగులేని హక్కు ఏర్పడదని సుప్రీంకోర్టు 1991లో శంకర్‌సన్ దాస్ కేసున తీర్పు చెప్పినది. ప్రభుత్వము ఇష్టము వచ్చినట్లు ప్రవర్తింపరాదనియు అదే తీర్పు చెప్పినది గాని, చేతికి ఉత్తర్వు అందువరకు ఉన్న పనిని విడువరాదనుటకు ఇంతకన్న సాక్ష్యము వేరే కావలెనా?

ఇక్కడ మన విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట ఒకటి గలదు. ఎంపిక తరువాత ధ్రువపత్రముల పరిశీలన జరుగును. పదవ తరగతి పత్రములో ‘ఎం.డి.’ అనియు, డిగ్రీలో ‘మహమ్మద్’ అనియు, ఆధారు కార్డులో ‘మొహమ్మద్’ అనియు ఉన్న పిల్లవాడు, తానొక్కడేనని నిరూపించుకొనుటకు కార్యాలయముల చుట్టు తిరుగుటను మేము కన్నులార చూచినాము. ‘షేక్’ అనునది ఒకచోట పేరునకు ముందును, మరొకచోట వెనుకను, ఇంకొకచోట ‘ఎస్.కె.’ అనియు ఉండును. ఎదురుచూచు కాలములో చేయదగిన పనులలో ఇది మొదటిది. పత్రములన్నియు ఒకచోట పరచి, పేరును, తండ్రి పేరును, పుట్టిన తేదీని పోల్చి చూచుకొని సరిచేయించుకొనవలెను. పిలుపు వచ్చిన తరువాత అందుకు వ్యవధి చాలదు.

అసలు వేచియుండుట ఇంత బాధాకరమగుటకు కారణమేమి? లండను యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. నలుబది ఐదుగురిచే కంప్యూటరుపై ఒక ఆట ఆడించిరి. రాతి క్రింద పాము ఉన్నదా లేదా ఊహింపవలెను. పాము కనబడినచో చేతికి చిన్న విద్యుదాఘాతము తగులును. తప్పక తగులునని తెలిసిన వేళకన్న, తగులుట తగులకుండుట సమముగా ఉన్న వేళనే వారి ఆందోళన మిక్కుటముగా ఉండినదట. దెబ్బకన్న సందిగ్ధమే ఎక్కువ నొప్పి కలిగించునన్నమాట. మా అనుభవము నడిగినచో ప్రయోగము లేకయే ఈ మాట చెప్పియుందుము.

మేము ఎం.ఎ. ముగించిన కొత్తలో ఒక పట్టణమున ఒక కళాశాలకు తెలుగు ఉపన్యాసకుల ఇంటర్వ్యూకు పోయితిమి. “మీరు ముస్లిములు గదా, తెలుగు ఎందుకు చదివినారు?” అని పెద్దలొకరు అడిగిరి. “మా ఊరి బడిలో మొదట చెవిని పడిన పద్యము తెలుగు పద్యము గనుక” అంటిమి. అందరును నవ్విరి; ఒకరు భుజము తట్టిరి. “కబురు చేస్తాము” అనిరి. ఆ నవ్వును నమ్మి మేము మరి రెండు చోట్ల దరఖాస్తు పెట్టుట మానితిమి. ఇది మా తప్పు, వారిది కాదు. మా అమ్మీ ఇంట బట్టలు కుట్టెడిది. ఫోను మ్రోగినప్పుడెల్ల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయెడిది. మేము ఎవరితోనో మామూలు మాటలు మాట్లాడుట విని, ఏమియు అడుగక మరల చక్రము త్రిప్పెడిది. నాలుగు నెలలు గడిచినవి. పిమ్మట ఒక సాహిత్య సభలో ఒక మిత్రుడు పరిచయమై, తాను ఆ కళాశాలలోనే పనిచేయుచున్నాననెను. ఎప్పుడు చేరితిరని అడిగితిమి. మా ఇంటర్వ్యూ జరిగిన మరుసటి వారమే చేరినాడట! అతడు మాకన్న యోగ్యుడే కావచ్చును. ఆ విచారము మాకు లేదు. అమ్మీ మిషను ఆపిన ఆ నాలుగు నెలల లెక్క మాత్రము నేటికిని మనసున తెగలేదు.

కావున విద్యార్థులారా, గది నుండి లేచునప్పుడే “ఫలితము ఎప్పటిలోగా తెలియవచ్చును?” అని వినయముగా అడుగుడు. ఇది అమర్యాద కాదు. ఆ గడువు దాటిన వారము తరువాత నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయుడు. మరి రెండు వారములకు ఇంకొకటి. రెంటికిని బదులు లేనిచో ఆ పుట త్రిప్పివేయుడు. ఈ లోపల వేరు దరఖాస్తులు ఆపకుడు. ప్రభుత్వ సంస్థలైనచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద మీ మార్కులను అడుగవచ్చును. సాధారణముగా ముప్పది దినములలో బదులీయవలెను. నియామకపు ఉత్తర్వు సిద్ధముగా ఉన్నది, ఇంత సొమ్ము కట్టుడు అని ఎవరైన ఫోను చేసినచో అది ఉద్యోగము కాదు, మోసము.

ఈ సంచిక చదువు కమిటీ పెద్దలకును ఒక విన్నపము. మన కళాశాలయు ఏటేట అతిథి ఉపన్యాసకులను ఇంటర్వ్యూ చేయుచున్నది. ఎంపికైన వానికి ఆ సాయంత్రమే ఫోను పోవును. తక్కినవారికి ఎవరు చెప్పుదురు? గత విద్యా సంవత్సరమున తెలుగు శాఖలో ఒక్క ఖాళీకి ఏడుగురు వచ్చిరి. ప్రిన్సిపాలుగారి అనుమతితో మిగిలిన ఆరుగురికిని మేమే రెండేసి వాక్యములు వ్రాసి పంపితిమి. అరగంట పట్టినది. ఇద్దరు బదులు వ్రాసిరి. వారిలో ఒకామె, ఈ కబురు కొరకే ఆపియుంచిన మరొక పాఠశాల ఉద్యోగములో మరునాడే చేరుచున్నానని తెలిపినది.