వేలిముద్ర నుంచి వార్తాపత్రిక దాకా

మేము ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, నిర్మాణ స్థలంలో కూలి చెల్లించే రిజిస్టరులో సంతకాల కన్నా వేలిముద్రలే అధికంగా ఉండేవి. వాటి పక్కన సాక్షి సంతకం చేసినవారము మేమే. కాని, ఆ ముద్ర వేసిన మనిషి తన పేరుకు ఎదురుగా ఉన్న అంకెను చదవగలదా అని మేము ఏనాడూ విచారించలేదు. ఫకీర్ చంద్ కోహ్లీ గారి జీవితాన్ని పరిశీలిస్తున్నప్పుడు ఆ రిజిస్టరు మాకు జ్ఞాపకం వచ్చింది.

1924లో పెషావర్‌లో జన్మించిన కోహ్లీ గారు స్వతహాగా విద్యుత్ ఇంజనీరు. కెనడాలో చదివి, 1950లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో స్నాతకోత్తర పట్టా పొంది, 1951లో స్వదేశానికి తిరిగివచ్చి టాటా విద్యుత్ సంస్థల్లో చేరారు. ఏ కేంద్రం ఎంత విద్యుత్తు ఇవ్వాలి, ఏ లైను ఎంత భారం మోయాలి అని నిర్ణయించే లోడ్ డిస్పాచ్ ఆయన తొలి కార్యరంగం. ఆ లెక్కల అవసరమే ఆయనను కంప్యూటరు వైపు నడిపించింది. 1969లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు వచ్చి, దానిని సుమారు మూడు దశాబ్దాలు తీర్చిదిద్దారు.

డెబ్బై అయిదేళ్ల వయసులో విశ్రాంతి కోరుకున్నా తప్పుపట్టేవారు లేరు. ఆయన మాత్రం వయోజన విద్యను చేపట్టారు. 2001 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ఇంచుమించు సగం మందికి చదువు రాదు. పగలంతా కష్టించి వచ్చిన మనిషి అక్షరమాల, గుణింతాలు, ఒత్తులు వరుసగా దాటి మాట దాకా చేరేలోపే ఓపిక అడుగంటేది.

కోహ్లీ గారు ఈ సమస్యను ఇంజనీరు దృష్టితో చూశారు. పెద్దవారికి భాష రాకపోలేదు. వేల మాటలు వారి నాలుక మీదనే ఉన్నాయి. కొరవడినది చెవికి తెలిసిన మాటకూ కంటికి కనిపించే రూపానికీ మధ్య లంకె మాత్రమే. జాతీయ అక్షరాస్యతా మిషన్ వాచకాలనే ఆధారంగా తీసుకొని, బొమ్మ, ధ్వని, మాట కలిపి చూపే ప్రోగ్రాములను రూపొందింపజేశారు. ముందు మాట, పిమ్మట అక్షరం. ముందు చదవడం, పిమ్మట రాయడం. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు లేకున్నా, కంప్యూటరు నడపగల ఒక ప్రేరక్ చాలు. పాతబడిన కంప్యూటర్లు సైతం ఇందుకు సరిపోయేవి.

తొలి ప్రయోగం 2000లో, తెలుగులోనే, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడ గ్రామంలో జరిగింది. సుమారు నలభై గంటల శిక్షణతో వార్తాపత్రికలోని సులభమైన వాక్యాలు చదివించడం దాని లక్ష్యం. తరువాత ఈ విధానం తమిళం, హిందీ, మరాఠీ, బెంగాలీ వంటి భాషలకు విస్తరించింది. కోహ్లీ గారు 2020 నవంబరులో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నలభై గంటల చదువు గడప మాత్రమే. చదివేందుకు ఏదో ఒకటి నిత్యం చేతికి అందకపోతే నేర్చినది తుప్పు పడుతుంది. ఆ లోటును తీర్చగలిగినది యంత్రం కాదు, పక్కనున్న మనిషి. పదవీ విరమణకు చేరువవుతున్న మాబోటివారికీ, సాయంత్రాలు కొంత తీరిక గల మన కుటుంబ సభ్యులకూ ఇది అసాధ్యమైన పని కాదు. మన స్టోర్సులో కండెమ్ చేసిన కంప్యూటర్లు ఉన్నాయి. మన గేటు బయట, నేటికీ వేలిముద్ర వేసేవారూ ఉన్నారు.