హాంబర్గ్ చూసి వచ్చినాము

మా చిన్నమ్మాయి జర్మనీలో హాంబర్గ్ అనే ఊళ్ళో ఉంటుంది. పోయిన జూన్‌లో నన్నూ, మా ఇంటామెనూ పిలిపించుకున్నది. నలభై రోజులు ఉండి సోలాపూర్‌కు తిరిగి వచ్చినాము. వచ్చినప్పటి నుంచి మన వాడకట్టులో ఎవరు కనిపించినా "ఏం చూసినవ్, ఏం తిన్నవ్" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా మన మాసపత్రికలో రాస్తే అందరికీ చేరుతుందని కూర్చున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

బెర్లిన్ తర్వాత జర్మనీలో పెద్ద ఊరు హాంబర్గే. 18 లక్షలకు పైగా జనం. సముద్రం ఒడ్డున లేదు, అయినా పెద్ద ఓడరేవు. ఎల్బె నది మీద సుమారు నూరు కిలోమీటర్లు లోపలికి ఓడలు వస్తాయి. ఎటు చూసినా కాలువలు. వంతెనలే 2,500 దాకా ఉన్నాయంటారు.

మొదటి రెండు దినాలు అల్లుడు కారులో తిప్పినాడు. ఊరి నడుమ ఆల్‌స్టర్ అని పెద్ద చెరువు, దాని పక్క అద్దాల దుకాణాలు. బాగున్నాయి. కాని అద్దాల దుకాణాలు పుణెలో కూడా చూసినాము. అల్లుని మనసు నొప్పించడమెందుకని ఊరుకున్నాను.

మూడోనాడు మా మనుమరాలు అడిగింది. దానికి తొమ్మిదేండ్లు. "తాతా, నువ్వు ఏం జాబ్ చేసినవ్?" గిర్నీలో సాంచాలు నడిపినాను అన్నాను. సాంచా అంటే దానికి తెలియదు. మా బిడ్డ లోపల్నుంచి "టెక్స్‌టైల్" అని ఒక్కమాట అన్నది. పిల్ల సరే అని ఆటకు పోయింది. గిర్నీలో 24 ఏండ్లు, అది మూతబడ్డాక పవర్‌లూం కార్ఖానాలో ఇంకో పదేండ్లు. అంతా ఒక్కమాటలో అయిపోయింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర రాలేదు. పొద్దున బిడ్డతో చెప్పినాను: "ఈ ఊళ్ళో పనిచేసేటోళ్ళు ఎక్కడ పనిచేసిన్రో అది చూపియ్యి బిడ్డా. మనుమరాలిని కూడా తోలుకపోదాం."

ముందు సొరంగానికి పోయినాము. లాండుంగ్స్‌బ్రూకెన్ అనే రేవు పక్కనే ఉన్నది. ఎల్బె నది కింద నుంచి అటు ఒడ్డుకు నడిచి పోయే దారి అది. 1911లో తెరిచినారు. పొడవు 426 మీటర్లు. నడిచేవాళ్ళకు టికెట్ లేదు. మెట్లు దిగవచ్చు, లిఫ్టు కూడా ఉన్నది. లోపల గోడలకంతా మెరిసే పెంకులు, వాటి మీద చేపలు, పీతల బొమ్మలు. పిల్ల వాటిని లెక్కపెట్టుకుంటూ నడిచింది. అటు ఒడ్డున ఓడలు కట్టే కార్ఖానాలు. వేలమంది పనివాళ్ళు అంతకుముందు పడవల మీద దాటేవారు. చలికాలం నదిలో మంచు గడ్డలు, పొగమంచు. అందుకే వాళ్ళ కోసం ఇది తవ్వినారు. నీళ్ళు లోపలికి రాకుండా గట్టిగా గాలి నింపి ఆ ఒత్తిడిలో పని చేయించినారట. బయటికి వచ్చినాక చాలామంది జబ్బుపడినారు, కొందరు చచ్చిపోయినారు కూడా. పాళీ మారే వేళ ఈ సొరంగం ఎట్లా ఉండేదో నాకు ఎవరూ చెప్పే పని లేదు. మన గిర్నీ గేటు ముందర భోంగా మోగినప్పుడు ఎట్లా ఉండేదో అట్లానే. అటు ఒడ్డుకు ఎక్కితే ఊరంతా ఒక్కచోట కనబడుతుంది. ఫోటో అక్కడ్నే దిగండి.

అక్కడి నుంచి స్పైషర్‌స్టాట్. గోదాముల పేట అని అర్థం. ఎర్ర ఇటుకల గోదాములు, ఒక పక్క వీధి, ఒక పక్క కాలువ. నీళ్ళలో దిగేసిన మాను మొద్దుల మీద కట్టినారు. ప్రతి గోదాము నెత్తిన సరుకు లాగే గిలక ఇప్పటికీ ఉన్నది. కాఫీ, తేయాకు, మసాలాలు, తివాచీలు ఇక్కడ దించేవారు. తివాచీల గోదాములు ఇంకా కొన్ని ఉన్నాయి. 2015లో యునెస్కో వాళ్ళు దీన్ని ప్రపంచ వారసత్వం అన్నారు. అయితే ఈ పేట కట్టేటందుకు అక్కడున్న సుమారు 20,000 మందిని లేపించినారు, ఇండ్లు పడగొట్టినారు. 1888లో చక్రవర్తి వచ్చి తెరిచినాడు. అల్లుడు ఈ సంగతి చెప్పంగనే మా ఇంటామె "మరి వాళ్ళు యాడికి పోయిన్రు?" అని అడిగింది. ఊరి చివరి వాడలకు పోయినారట.

అదే పేటలో మినియాటూర్ వుండర్‌లాండ్ అని బొమ్మ రైళ్ళ లోకం ఉన్నది. పిల్లలుంటే తప్పకుండా పోవాలె, ముందే టికెట్ తీసుకోవాలె. మేము మూడు గంటలు ఉన్నాము, పిల్ల ఇంకా రానన్నది.

కాలువ కొసకు ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ అనే కచేరీ భవనం. 2017లో తెరిచినారు. మొదట అనుకున్న ఖర్చు పదింతలైందని ఊరంతా తిట్టుకున్నారట, ఇప్పుడు అందరికీ అదే చూపిస్తారు. వంపు తిరిగిన పెద్ద జారుడు మెట్ల మీద పైకి పోతే 37 మీటర్ల ఎత్తున చుట్టూ తిరిగే జాగా ఉన్నది. మేము పోయిననాడు కౌంటర్లో టికెట్ ఊరికే ఇచ్చినారు. పైన అంతా అద్దం, కింద మాత్రం పాత ఇటుక గోదాము. అందులో ఒకప్పుడు కోకో, తేయాకు, పొగాకు నిలువ చేసేవారని చెప్పినారు. మా ఆమె నలభై ఏండ్లు బీడీలు చుట్టిన మనిషి. "పొగాకా? అయితే గీ గోడలల్ల మన పైసలు కూడ ఉన్నయ్" అని నవ్వింది. అక్కడున్నవాళ్ళు ఎందుకు నవ్వుతున్నదా అని చూసినారు.

ఇక నేను మరువలేనిది మ్యూజియం డెర్ ఆర్బైట్. పని మ్యూజియం అన్నమాట. రాజుల కత్తులు, కిరీటాలు ఉండవు. బార్మ్‌బెక్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే చాలు. పెద్దవాళ్ళకు టికెట్, పిల్లలకు లేదు. అది ఒకప్పుడు రబ్బరు కార్ఖానా. గట్టి రబ్బరుతో దువ్వెనలు చేసేవారు. కార్ఖానా పోయినా గోడలు పడగొట్టలేదు. వాకిట్లో 14 మీటర్ల ఇనుప చక్రం నిలబెట్టినారు, దాని పేరు ట్రూడె. ఎల్బె కింద కొత్త రోడ్డు సొరంగం తొలిచిన యంత్రం మొగం అది. దాని కింద మేము నలుగురం చీమల్లాగ ఉన్నాము.

నేను సాంచా కోసం వెదికినాను. నా కంటికి కనబడలేదు. కాని అచ్చు యంత్రాలు ఉన్నాయి. సీసం అక్షరాలు పేర్చే చోట ఒక ముసలాయన ఉన్నాడు, నా ఈడువాడే. మా మనుమరాలి పేరు అడిగి, ఒక్కొక్క అక్షరం తీసి పేర్చి, కాగితం మీద అచ్చు దింపి ఇచ్చినాడు. ఆయన వేళ్ళు చూస్తూ నిలబడినాను. అక్షరాల వైపు చూడడం లేదు, వేళ్ళే వెతుక్కుంటున్నాయి. అది పనిలో పండిన చెయ్యి.

ఆయన పిల్లను ఏదో అడిగినాడు. "తాతా, నువ్వేం పని చేసినవని అడుగుతున్నడు" అన్నది. నాకు జర్మన్ రాదు, ఆయనకు తెలుగు రాదు. భుజం మీది సోలాపూర్ తువ్వాల తీసి బల్ల మీద పరిచినాను. ఇది పడుగు, ఇది పేక అని వేలితో చూపించినాను. నాడె ఇటు నుంచి అటు పోయేది చేతితో ఆడించినాను. అంచు నుంచి ఒక పోగు లాగి, తెంపి, ఒంటి చేత్తో ముడి వేసినాను. ఆయన ముడి మీద వేలు పెట్టి రాసి చూసినాడు, తగలలేదు. తల ఊపినాడు. నేను ఒక్కొక్కటి చెబుతుంటే పిల్ల ఆయనకు జర్మన్‌లో చెప్పింది. ఎన్ని సాంచాలు అంటే నాలుగు. చెవి ఎందుకు వినబడదు అంటే ఆ చప్పుడుకు. గిర్నీ ఏమైంది అని అడిగింది. అది ఆయన అడిగినాడో, పిల్లే అడిగిందో నాకు తెలియలేదు. మూసేసినారు, మాకు రావలసిన పైసలు సగం రానే లేదు, చిమ్నీ కూడా కూల్చినారు అని చెప్పినాను. పిల్ల అదంతా జర్మన్‌లో చెప్పలేకపోయింది. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు.

సాంచాల చప్పుడులో మేము పెదవులతో, చేతులతో మాట్లాడుకునేవాళ్ళం కదా. ఇంటికి వచ్చేటప్పుడు రైల్లో ఆ సైగలన్నీ నేర్పమన్నది. నీళ్ళు, జాబర్ వస్తున్నాడు, పోగు తెగింది, ఇట్లా.

ఆ సైగలు ఆదివారం చేపల బజారులో పనికొచ్చినాయి. ఈ బజారు 1703 నుంచి నడుస్తున్నది. ఎండకాలం పొద్దున 5కు మొదలై తొమ్మిదిన్నరకు అయిపోతుంది, చలికాలం 7కు మొదలు. చేపలే కాదు, పండ్లు, పూలమొక్కలు, బట్టలు. అమ్మేవాళ్ళు మన మంగళవారం బజారు వాళ్ళను మించి అరుస్తారు. అంత గోలలో పిల్ల దూరం నుంచి సైగ చేసి నీళ్ళు అడిగింది. రొట్టె నడుమ ఉప్పుచేప పెట్టి అమ్ముతారు, బాగుంటుంది. మా ఆమె మాత్రం సంచిలోంచి ఎండుకారం తీసి చల్లుకున్నది.

పోయేవాళ్ళకు కొన్ని సంగతులు. మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు, అట్లని టికెట్ లేకుండా ఎక్కకండి. పట్టుబడితే 60 యూరోలు. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి, శనివారమే పాలు, కూరగాయలు తెచ్చుకోవాలె. ప్లాస్టిక్ నీళ్ళ సీసా పారేయొద్దు, దుకాణంలో యంత్రానికి ఇస్తే 25 సెంట్లు తిరిగి వస్తాయి. జూన్‌లో కూడా వాన, చలి. మన చద్దర్ ఒకటి పెట్టుకోండి. పడవ మీద తిరగాలంటే డబ్బుపోసి టూరిస్టు పడవ ఎక్కే పని లేదు. 62 నంబర్ ఫెర్రీకి బస్సు టికెటే చాలు, ఫింకెన్‌వెర్డర్ దాకా పోతుంది.

మా బిడ్డ రోజూ ఆ ఫెర్రీ మీదే పనికి పోతుంది. దిగి బస్సెక్కితే విమానాలు తయారుచేసే కార్ఖానా. వచ్చే ముందు ఒకనాడు నేను కూడా దానితో పోయినాను. పొద్దున ఆరు గంటలు. మెడలో కార్డులు, చేతిలో కాఫీ, ఎవరూ మాట్లాడటం లేదు. పాళీకి పోయేవాళ్ళు అంతటా ఒక్కతీరే. రేవులో దిగి "ఇంటికి పో బాపూ, చలిగాలి పెడుతున్నది" అన్నది. అదే ఫెర్రీలో తిరిగి వచ్చినాను.

ఊరి మ్యాపు కాగితం ఒకటి తెచ్చుకున్నాను. మన పిల్లలెవరైనా ఆ వైపు పోతుంటే ఇంటికి వచ్చి తీసుకుపోండి. పని అయినాక తిరిగి ఇవ్వాలె.