కొల్లేటి నుండి అల్బుఫేరా వఱకు

విద్యకొఱకు దేశాంతరము పోవుట మన ప్రాంతమునకు క్రొత్త విషయము కాదు. క్రీ. శ. ఏడవ శతాబ్దమున హ్యూన్‌త్సాంగ్ అను భిక్షువు చీనాదేశము నుండి కొండలను, ఎడారులను దాటి మన దేశమునకు వచ్చి, నలందలో పెక్కు కాలము శాస్త్రాధ్యయనము చేసెను. పిమ్మట దక్షిణమునకు పయనించి ఆంధ్రదేశమును గూడ దర్శించెను. అతడు వర్ణించిన ఆంధ్ర రాజధాని నేటి ఏలూరునకు సమీపముననున్న పెదవేగి యని చరిత్రకారులు చెప్పుదురు. అతడు స్వదేశమునకు మరలి, తాను కొనిపోయిన గ్రంథములలో డెబ్బదికి పైగా తన భాషలోనికి అనువదించి తనవారికి పంచిపెట్టెను. అట్టి చదువునకు నేటి రూపమే విద్యార్థుల వినిమయము.

వినిమయమనగా ఇచ్చి పుచ్చుకొనుట. ఈ పద్ధతిలో రెండు విశ్వవిద్యాలయములు ముందుగా ఒడంబడిక చేసికొనును. ఒకచోటి విద్యార్థి ఆఱు మాసములో, సంవత్సరమో రెండవచోటికి పోయి చదువును. అచ్చటి విద్యార్థి ఇచ్చటికి వచ్చును. సాధారణముగా విద్యార్థి బోధనరుసుమును తన విద్యాలయమునకే చెల్లించును. పోయినచోట మరల చెల్లింప నక్కఱలేదు. పట్టము నిచ్చునది కూడ స్వంత విద్యాలయమే. ఐరోపా దేశములు 1987 లో ఇట్టి పథకము నొకదానిని ప్రారంభించి, దేశదేశములు తిరిగి విద్య గడించిన ఎరాస్మస్ పండితుని పేరు దానికి పెట్టినవి. తరువాత ఆ పథకము ఐరోపాకు వెలుపలి దేశములవారికిని అందుబాటులోనికి వచ్చినది.

తాడేపల్లిగూడెమున 2015 లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, దానికి చేరువను వెంకట్రామన్నగూడెమున నున్న ఉద్యాన విశ్వవిద్యాలయము, ఏలూరున 1945 లో స్థాపింపబడిన సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల మీ యన్నలకును అక్కలకును తెలిసినవే. మీరును రేపు ఇట్టి విద్యాలయములలో చేరుదురు. అప్పుడు మీ విద్యాలయమునకు పరదేశములతో ఒడంబడికలున్నవా యని మొదటి సంవత్సరముననే విచారింపవలెను. చివరి సంవత్సరమున మేల్కొన్నవానికి ఈ ద్వారము తెఱచుకొనదు.

పరదేశవిద్య యనగానే మనవారు ఇంగ్లీషు మాట్లాడు దేశములనే తలతురు. కాని స్పానిష్ భాష మాతృభాషగా గలవారు లోకమున సుమారు 50 కోట్లమంది. స్పెయిన్, మెక్సికో, పెరూ, అర్జెంటీనా మున్నగు ఇరువది దేశములలో అది రాజభాష. స్పెయిన్ దేశమున సాలమాంకా విశ్వవిద్యాలయము 1218 లో స్థాపింపబడినది. అప్పుడు ఓరుగల్లున గణపతిదేవుడు రాజ్యము చేయుచుండెను. లీమా నగరమునను, మెక్సికో నగరమునను 1551 నాటికే విశ్వవిద్యాలయములకు పునాదులు పడినవి.

ఈ భాష మన రాష్ట్రమునకు పూర్తిగా అపరిచితమును కాదు. బార్సిలోనా నగరమున 1920 లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1952 లో భారతదేశమునకు వచ్చెను. 1969 లో అనంతపురము చేరి, 2009 లో మరణించువఱకు కఱవుసీమ ప్రజలకు సేవ చేసెను. ఆయన స్థాపించిన సంస్థ విదేశీభాషల పాఠశాలను నెలకొల్పి, పల్లెటూరి యువతీయువకులకు స్పానిష్ మున్నగు భాషలను నేర్పినది. హైదరాబాదునందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమునను ఈ భాషను బోధించుచున్నారు.

తెలుగు బిడ్డలకు స్పానిష్ మిక్కిలి కష్టమైన భాష కాదు. వ్రాసినది వ్రాసినట్లే చదువుట మనకు అలవాటు. అందును చాలవఱకు అంతే. ఆ భాషలో ఇల్లు 'కాసా', నీరు 'ఆగ్వా', సరస్సు 'లాగో'. మన పదములవలె వానిలో అనేకము అచ్చులతో ముగియును. 'వచ్చితిని' అన్నచో 'నేను' అని వేఱుగా చెప్పనక్కఱలేదు గదా! అట్లే 'ఆబ్లో' అన్నచో 'నేను మాట్లాడుదును' అనియు, 'ఆబ్లాస్' అన్నచో 'నీవు మాట్లాడుదువు' అనియు క్రియాపదమే తెలుపును. చనువుగలవారిని 'తూ' అనియు, గౌరవింపదగినవారిని 'ఉస్తెద్' అనియు పిలుచుటలో మన 'నీవు', 'మీరు' అను భేదమే కనబడుచున్నది. మనము కరి యనగా ఏనుగనియు, కఱి యనగా నలుపనియు రేఫభేదముచే గ్రహింతుము. స్పానిష్ లో 'పెరో' యనగా 'కాని'. 'పెఱ్ఱో' యనగా 'కుక్క'. నేడు మన నోట మఱుగుపడిన శకటరేఫమును ఆ భాషకొఱకు మరల సాధన చేయవలసి వచ్చును! ఇక చిక్కు లింగములలో నున్నది. మనకు ఇల్లును సరస్సును అమహద్వాచకములే. వారికి ఇల్లు స్త్రీలింగము, సరస్సు పుంలింగము. ఇది వినికిచేతను, వాడుకచేతను అలవడవలసినదే.

ఇప్పుడు కొల్లేటి లంకలో పుట్టి, నీటి శాస్త్రమును చదువుచున్న బాలిక యొకతె స్పెయిన్ దేశపు వాలెన్సియా నగరమునకు పోదలచినదని అనుకొందము. ఆమె చేయవలసిన పనులేవి? మొదట స్పానిష్ నేర్చి పరీక్ష నిచ్చుట. పిదప అచ్చట ఏ పాఠములు చదివిన ఇచ్చట లెక్కకు వచ్చునో రెండు విద్యాలయములచేతను వ్రాతమూలకముగా ఒప్పించుకొనుట. ఇది మఱచిన విద్యార్థి అచ్చట ఉత్తీర్ణుడై వచ్చియు ఇచ్చట మరల పరీక్షకు కూర్చుండవలసి వచ్చును. ఐరోపాలో చదువును 'క్రెడిట్ల'తో కొలుతురు. సంవత్సరమునకు 60, అర్ధసంవత్సరమునకు 30. ఒక్కొక్క క్రెడిట్‌కు 25 మొదలు 30 గంటల శ్రమ యుండును. పిమ్మట పాస్‌పోర్టు, వీసా, ఆరోగ్యబీమా, ఖర్చులకు ధనమున్నదను రుజువు సమకూర్చుకొనవలెను. దరఖాస్తులో పేరు వ్రాయుటయు ఒక పరీక్షయే. స్పెయిన్ దేశీయులకు తండ్రి యింటిపేరు, తల్లి యింటిపేరు అని రెండింటిపేర్లుండును; అవి చివర వచ్చును. మన యింటిపేరు ముందు వచ్చును. తఱచుగా పొడి అక్షరముగా మిగులును. పాస్‌పోర్టులో నున్నట్లే అన్ని కాగితములందును వ్రాసినచో ఇబ్బంది యుండదు.

ధనము మాట దాచరాదు. బోధనరుసుము లేకున్నను ప్రయాణము, బస, భోజనము మిగిలియుండును. విద్యార్థివేతనము లభించినచో మేలు. లభింపనిచో ఋణము చేయువారును గలరు. చేపలవేటపై బ్రతుకు తండ్రి, 'ఇంత వ్యయపఱచి నీవు తెచ్చునదేమి?' అని అడిగిన ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పగలిగినదే పోదగిన విద్యార్థిని.

ఆ సమాధానము వాలెన్సియాకు దక్షిణముగా సుమారు పది కిలోమీటర్ల దూరముననున్నది. అది అల్బుఫేరా సరస్సు. అరబ్బీ భాషలో 'చిన్న సముద్రము' అను అర్థము గల మాటనుండి ఆ పేరు పుట్టినది. నీటివైశాల్యము సుమారు 24 చదరపు కిలోమీటర్లు. కొల్లేటికంటె చాల చిన్నది. దాని చుట్టును వరిపొలములు గలవు. బెస్తలు అడుగు చదునైన పడవలను గడలతో నెట్టుచు పోవుదురు. శీతకాలమున పొలములలో నీరు నింపగా దూరదేశపు పక్షులు వచ్చి వ్రాలును. ఆ దృశ్యమును చూచినపుడు మన బాలికకు ఆటపాకలోని గూడబాతులు జ్ఞప్తికి రాకుండునా?

పోలిక అందముతోనే ముగియదు. అల్బుఫేరా ఒకప్పుడు ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్దది. వరిసాగుకై మట్టిపోసి పూడ్చుచు రాగా చిన్నదైనది. పిదప నగరపు మురుగును, కర్మాగారముల వ్యర్థములును చేరి నీరు చెడినది. 1986 లో దానిని సహజోద్యానముగా ప్రకటించిరి. 1989 లో అది రామ్‌సార్ పట్టిక కెక్కినది. మన కొల్లేటిలో 1980 తరువాత చేపలచెఱువుల గట్లు విస్తరించినవి. 1999 లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002 లో అదియు రామ్‌సార్ పట్టికలో చేరినది. 2006 లో గట్లను త్రెంచిరి. సరస్సు బ్రతుకవలెను, సరస్సుపై బ్రతుకువారును బ్రతుకవలెను. ఈ రెండింటిని పొందుపఱచు విద్య ఇరువురికిని కావలసియున్నది.

ఆ విద్య తరగతిగదిలో కొంత దొరకును. వాలెన్సియా విశ్వవిద్యాలయము 1499 నాటిది. బయట దొరకునది మఱికొంత. ఆ నగరమున గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు పెద్ద దేవాలయ ద్వారముకడ రైతులు ఎన్నుకొనిన ఎనమండుగురు కూర్చుండి కాలువనీటి తగవులను తీర్చుదురు. వాదమంతయు నోటిమాటతోనే. ఈ నీటి పంచాయితీని 2009 లో యునెస్కో మానవాళి వారసత్వముగా గుర్తించినది. సరస్సులోని ఎల్ పల్మార్ గ్రామమున బెస్తలు వేటతావులను చీట్లు వేసి పంచుకొందురు. పూర్వము ఈ హక్కు కుమారులకే దక్కెడిది. కుమార్తెలు న్యాయస్థానమున పోరాడి తామును సంపాదించిరి.

కష్టములును కలవు. స్పానిష్ నేర్చి పోయినవారికి వీథిపలకలపై వాలెన్సియన్ అను మఱియొక భాష కనబడును. కొన్ని పాఠములును ఆ భాషలోనే జరుగును. కావున ఏ పాఠము ఏ భాషలోనో ముందే కనుగొనవలెను. మార్కులు పదింటికి, అయిదు వచ్చిన ఉత్తీర్ణత. ఏడు వచ్చినదని కుంగరాదు. అచ్చట అది మంచి గుణముగానే గణింపబడును. పగటి భోజనము రెండు గంటలకు, రాత్రి భోజనము తొమ్మిది దాటిన పిమ్మట. వారి ప్రసిద్ధమైన 'పాయెయా' వరియన్నముతో చేసినదే యైనను మన తాలింపును మిరపకారమును దానిలో వెదకరాదు. మొదటి నెలలో ఎవరును పలుకరింపనట్లు తోచును. తనకు వచ్చిన నాలుగు మాటలతో తానే ముందుగా పలుకరించుట దానికి మందు.

2024 వ సంవత్సరము ఈ చదువునకు గల విలువను తెలిపినది. సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలోని పేటలను ముంచినది. ఆ నీరు వచ్చి చేరునది కొల్లేటికే. రెండు నెలలైన కాకుండ, అక్టోబరు 29 వ తేదీన వాలెన్సియా ప్రాంతమున కుంభవృష్టి కురిసినది. పోయో అను వాగు ఊళ్లను ముంచి, మనుష్యులను, వాహనములను ఈడ్చుకొనిపోయి అల్బుఫేరాలో పడినది. రెండువందలమందికి పైగా మరణించిరి. హెచ్చరిక ఆలస్యముగా వచ్చెనని అచ్చటి ప్రజలు ఆగ్రహించిరి. వాగునకు దారి, సరస్సునకు చోటు విడువవలెనని రెండు దేశముల నీరును ఒక్క మాటయే చెప్పినది.

ఆ మాటను రెండు భాషలలో వినగలిగిన వ్యక్తి మన ఊరికి కావలెను. బుడమేరు, తమ్మిలేరు ఎట్లు వచ్చుచున్నవో, ఉప్పుటేరు ఏల పూడుచున్నదో తెలియని విద్యార్థి అల్బుఫేరాను చూచియు విహారము చేసి వచ్చును. తన నీటిని ఎఱిగినవాడు అచ్చటివారికి చెప్పగలడు. వారిదానిని అడిగి తెలిసికొనగలడు. అదియే నిజమైన వినిమయము.

కావున బాలలారా! పరదేశయాత్రకు మొదటి పాఠము మీ యింటికడనే యున్నది. వచ్చు సెలవులలో కొల్లేటి గట్టునకు పోయి, వృద్ధుడైన బెస్త నొకనిని ఆ నీటి కథ చెప్పుమని అడుగుడు. విన్నదానిని చక్కని తెలుగులో వ్రాసియుంచుడు. మీలో దూరదేశమునకు పోవువారికి అదియే తొలి సామగ్రి. పోలేనివారికిని అది తఱుగని విద్యయే.