అక్క పంపు, అమ్మమ్మ చేపు

ఈ సంచికకి నా టాపిక్ చెప్పగానే మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు "సీరియస్‌గానేనా మామా?" అని మెసేజ్ పెట్టాడు. సీరియస్‌గానే. ఉద్యోగానికి వెళ్ళే తల్లులు పంపుతో పాలు తీసి బిడ్డకి దాచిపెట్టడం గురించే ఈ వ్యాసం. రాస్తున్నది మెకానికల్ థర్డ్ ఇయర్ కుర్రాడు. ఎందుకు రాస్తున్నానో చదివితే మీకే తెలుస్తుంది.

మొన్న వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ వెళ్ళి రెండు నెలలు మియాపూర్‌లో అక్కావాళ్ళింట్లో ఉన్నాను. అక్కది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మెటర్నిటీ లీవు అయిపోయి, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టి అప్పటికి నెల. బుజ్జిగాడికి ఏడో నెల. పగలు వాణ్ణి చూసుకోవడానికి తెనాలి దగ్గర ఊరి నుంచి అమ్మమ్మ వచ్చింది.

అక్క రోజూ రెండు బ్యాగులతో బయల్దేరేది. ఒకటి ల్యాప్‌టాప్ బ్యాగు. రెండోదాంట్లో పంపు, సీసాలు, ఐస్ ప్యాకులు. పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి ఆఫీసులో పాలు తీసి, సాయంత్రం ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. మర్నాడు అమ్మమ్మ వాటిని ఉగ్గుగిన్నెతో వాడికి పట్టేది. పంపు విడిభాగాలు కడిగే డ్యూటీ నాది. ఇంట్లో తేరగా దొరికింది నేనే కదా!

మే మూడో వారంలో తేడా వచ్చింది. ఒక్కోసారికి 120, 130 మిల్లీలీటర్లు వచ్చే పాలు 90 అయ్యాయి, తర్వాత 60 అయ్యాయి. ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. దిష్టి తగిలిందని అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. వెల్లుల్లి కారం, మునగాకు కూర మొదలుపెట్టింది. ఆఫీసు టెన్షన్ అన్నాడు బావ. డబ్బా పాలు పట్టేస్తే సరిపోతుంది కదా అంది పక్క ఫ్లాట్ ఆంటీ. "సప్లై తగ్గింది రా" అని అక్క అంటే, "మాకు సప్లీలు పెరుగుతున్నాయి, నీకు సప్లై తగ్గుతోంది" అని జోకేశాను. అక్క నవ్వలేదు. ఆ రాత్రి చార్జర్ కోసం తన ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్తే స్క్రీన్ మీద సగం టైప్ చేసిన మెయిల్ కనిపించింది. రాజీనామా.

అప్పుడు నాకు సిగ్గేసింది. రోజూ ఆ పంపు కడుగుతున్నాను కానీ అది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ రాత్రే కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

చేపు అంటే

పంపు అంటే మనకి తెలిసింది బోరు మోటారు. ట్యాంకులో నీళ్ళుంటాయి, పంపు లాగుతుంది, వస్తాయి. తల్లి పాలు అలా రావు. ఈ సంగతి నాకు ముందుగా చెప్పింది ఏ వెబ్‌సైటూ కాదు, అమ్మమ్మే.

"గేదె ముందు చేపాలి రా. దూడ నాలుగుసార్లు కుమ్మితే చేపుకొస్తుంది. చేపకుండా నువ్వు ఎంత పిండినా వేళ్ళు నొప్పే" అంది.

ఈ చేపునే డాక్టర్లు మిల్క్ ఎజెక్షన్ రిఫ్లెక్స్ అంటారు. బిడ్డ చీకడం మొదలుపెట్టగానే నరాల ద్వారా మెదడుకి కబురు వెళ్తుంది. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లు వదులుతుంది. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ పాలు బయటికి పంపిస్తుంది. పాలు తయారయ్యే చిన్న సంచుల చుట్టూ సన్నని కండర కణాలు వలలాగా ఉంటాయి. ఆక్సిటోసిన్ రాగానే అవి బిగుసుకుని పాలని నాళాల్లోకి నెడతాయి. అంటే చాలావరకు పాలని బయటికి నెట్టేది శరీరమే. పంపు చేసేది ఆ కబురు పంపడం, వచ్చిన పాలని అందుకోవడం.

ఇందులో ఒక మెలిక ఉంది. భయం, కంగారు, నొప్పి ఉంటే ఆక్సిటోసిన్ సరిగా విడుదల కాదు. బిడ్డ ఏడుపు విన్నా, ఒక్కోసారి ఫొటో చూసినా చేపు వచ్చేస్తుంది. అక్క పాలు తీసేటప్పుడు ఫోన్‌లో బుజ్జిగాడి వీడియో పెట్టుకునేది ఇందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు టైంపాస్ అనుకున్నాను.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పాల తయారీ ఒక ఫీడ్‌బ్యాక్ లూప్. రొమ్ము ఖాళీ అయితే "ఇంకా కావాలి" అని శరీరానికి సంకేతం. పాలు లోపలే మిగిలిపోతే "ఇంత అక్కర్లేదు" అని సంకేతం. మిగిలే కొద్దీ తయారీ తగ్గిపోతుంది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఇక్కడే విషయం అర్థమైపోతుంది. పాలు సరిగా బయటికి రాకపోవడం నాలుగు రోజులు సాగితే, మొదట కారణం ఏదైనా సరే, తర్వాత నిజంగానే పాలు తగ్గిపోతాయి.

పంపు లోపల

అక్క పడుకున్నాక పంపు ముందేసుకుని కూర్చున్నాను. లోపల చిన్న డీసీ మోటారు, ఒక డయాఫ్రమ్, గాలిని వదిలే ఒక సోలినాయిడ్ వాల్వు. మోటారు వాక్యూమ్ చేస్తుంది, సోలినాయిడ్ వదిలేస్తుంది, మళ్ళీ వాక్యూమ్. లాగడం, వదలడం, అంతే.

అందులో రెండు మోడ్‌లు ఉంటాయి. బిడ్డ మొదట గబగబా, పైపైన చీకుతాడు, సెకనుకి దాదాపు రెండుసార్లు. చేపు వచ్చాక సెకనుకి ఒకసారి చొప్పున నెమ్మదిగా, గట్టిగా లాగి మింగుతాడు. పంపులోనూ మొదటి మోడ్ వేగంగా, తక్కువ సక్షన్‌తో ఉంటుంది. రెండోది నెమ్మదిగా, ఎక్కువ సక్షన్‌తో. అమ్మమ్మ చెప్పిన దూడ కుమ్మడాన్ని ఇంజినీర్లు ఒక బటన్‌లో పెట్టారన్నమాట.

సక్షన్ ఎంత పెంచితే అన్ని పాలు వస్తాయనుకోవడం పొరపాటు. చాలా పంపుల్లో గరిష్ఠ వాక్యూమ్ 250 ఎంఎంహెచ్‌జీ దరిదాపుల్లో ఉంటుంది. నొప్పి పుట్టేంత పెంచితే చేపు ఆగిపోతుంది, చర్మం పగులుతుంది. రొమ్ముకి ఆనించే గరాటు లాంటి భాగాన్ని ఫ్లాంజ్ అంటారు. దాని సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది. అది చనుమొన కొలతకి సరిపోకపోయినా నొప్పే, పాలు తగ్గడమే.

ఇక అసలు దొంగ. ఫ్లాంజ్‌కీ సీసాకీ మధ్య బాతు ముక్కులా ఉండే చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది. డక్‌బిల్ వాల్వు. లాగినప్పుడు దాని చీలిక మూసుకుని వాక్యూమ్ నిలబడుతుంది. వదిలినప్పుడు తెరుచుకుని పాలు సీసాలోకి జారతాయి. ఊళ్ళో పొలం మోటారుకి ఫుట్‌వాల్వు చెడిపోవడం చూసే ఉంటారు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, శబ్దం మామూలుగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. ఇదీ అంతే.

ఫ్లాంజ్‌ని అరచేతికి ఆనించి ఆన్ చేశాను. కుడివైపుది దాదాపు లాగడమే లేదు. ఎడమవైపుది అంతంతమాత్రం. వాల్వులు తీసి లైటు కింద చూస్తే చీలికలు రెండూ సాగిపోయి నోరు తెరుచుకుని ఉన్నాయి.

ఎందుకు సాగాయో చెప్పాలి. "శుభ్రంగా కడగరా" అని అమ్మమ్మ అంటే, నేను బ్రష్ సన్నకొసని ఆ చీలికలోకి దూర్చి మరీ కడిగేవాణ్ణి. వాల్వులో ఏదీ దూర్చకూడదు, నీళ్ళ ధార కింద మెల్లగా వేళ్ళతో కడగాలి, అరిగే భాగం కాబట్టి కొన్ని వారాలకోసారి మార్చాలి. ఇవన్నీ పంపుతో వచ్చిన మాన్యువల్‌లోనే ఉన్నాయి. మాన్యువల్ చదవకుండా మెషిన్ ముట్టుకోవద్దని వర్క్‌షాప్‌లో మొదటి రోజే చెప్తారు. విన్నాం కదా!

పొద్దున్నే అక్కకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. వాల్వుని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "అంటే తప్పు నాలో లేదా?" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. పది రోజులుగా అందరం తన తిండిని, టెన్షన్‌ని, ఉద్యోగాన్ని అనుమానించాం. పంపుని అనుమానించినవాడు లేడు.

కొత్త వాల్వులు వేశాక పాలు ఒక్కరోజులో తిరిగి రాలేదు. లూప్ సంగతి చెప్పాను కదా. రాత్రి ఇంకోసారి పంపు చేసి, ఇంట్లో ఉన్నంతసేపూ బిడ్డకి నేరుగా పడుతూ వస్తే రెండు వారాలకి మళ్ళీ 110, 120కి చేరింది. రాజీనామా మెయిల్ ఏమైందో నేను అడగలేదు. జూన్‌లో కూడా ఆఫీసుకి రెండు బ్యాగులతోనే వెళ్ళింది.

దాచడం లెక్క

తీసిన పాలని దాచడానికి డాక్టర్లు చెప్పే లెక్క తేలికే. 25 డిగ్రీలలోపు గది వేడిలో 4 గంటలు. ఐస్ ప్యాకులున్న కూలర్ బ్యాగులో 24 గంటలు. ఫ్రిజ్‌లో 4 రోజులు. డీప్ ఫ్రీజర్‌లో 6 నెలలైతే మేలు. గడ్డకట్టిన పాలు కరిగాక ఫ్రిజ్‌లో 24 గంటల్లోపు వాడాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాలి. మే నెలలో మన ఊళ్ళలో 25 డిగ్రీలు ఎక్కడుంటాయి? కాబట్టి తీసిన వెంటనే చల్లటి చోట పెట్టేయడమే.

పాలు నిలవుంటే వెన్న పైకి తేలి విడిపోయినట్టు కనిపిస్తాయి. విరగలేదు. మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. అమ్మమ్మ మొదటిరోజు స్టవ్ మీద కాచబోయింది. కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచితే చాలు.

గది సంగతి

వాల్వు మార్చడం నా చేతిలో ఉంది కాబట్టి మార్చాను. నా చేతిలో లేనిది ఇంకొకటి ఉంది. అక్క ఆఫీసులో పాలు ఎక్కడ తీస్తుందని ఒకరోజు అడిగాను. "వాష్‌రూమ్‌లో" అంది. అక్కడ ఆడవాళ్ళకని ఒక గది ఉందట, దాన్నిండా పాత మానిటర్లు. బయట ఎవరో తలుపు తడుతుంటే, టాయిలెట్ మూత మీద కూర్చుని, బిడ్డ తాగే పాలు తీయాలి. అక్కడ చేపు ఎలా వస్తుంది?

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు ఇవ్వాలంది. 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచింది. 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి రావచ్చని చెప్పింది. పాలు తీసుకోవడానికి గది అన్న మాట మాత్రం అందులో లేదు. అమెరికా చట్టంలో ఆ చోటు బాత్రూమ్ కాకూడదని స్పష్టంగా రాసి ఉంది. అక్క, ఇంకో ఇద్దరు తల్లులు కలిసి హెచ్ఆర్‌కి మెయిల్ పెడితే మానిటర్లు కదిలాయి, గదికి లోపల గడియ వచ్చింది. మూడు వారాలు పట్టింది.

ఇది ఆడవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 1920లలో కరెంటుతో నడిచే పాల పంపు తయారుచేసినవాళ్ళలో ఎడ్వర్డ్ లాస్కర్ ఒకడు. మనలాగే ఇంజినీరు, పైగా పేరున్న చెస్ ఆటగాడు. స్నేహితులు అతన్ని చెస్ ప్లేయర్ బదులు "చెస్ట్ ప్లేయర్" అని ఏడిపించేవాళ్ళట. నెలలు నిండని ఎందరో పిల్లలకి ఆ పంపు పనికొచ్చింది. 2014లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పాల పంపుని మెరుగుపరచడానికే ఒక హ్యాకథాన్ పెట్టారు. మనం ప్రతి ఏడూ స్మార్ట్ డస్ట్‌బిన్ ప్రాజెక్టే చేస్తున్నాం.

మన కాలేజీలో లెక్చరర్లు, ల్యాబ్ అసిస్టెంట్లు, ఆఫీసు స్టాఫ్ ఎంతమంది లేరు? వాళ్ళలో పసిపిల్లల తల్లులు ఉంటే పదకొండింటికి ఎక్కడికి వెళ్తారో మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కావలసింది పెద్ద భవనమేం కాదు. లోపల గడియ ఉన్న చిన్న గది, ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింట్, చేతులు కడుక్కోవడానికి కుళాయి, చిన్న ఫ్రిజ్. స్టూడెంట్ కౌన్సిల్‌కి లెటర్ రాసి పెట్టాను. సంతకాలు చేయాలనుకునేవాళ్ళు నన్ను కలవండి.

ఈ వ్యాసం అక్కకి పంపించి, సరేనన్నాకే క్లబ్‌కి ఇచ్చాను. ఒక్కచోట మాత్రం దిద్దింది. "తల్లుల త్యాగం" అని ఒక పేరా రాశాను. మొత్తం కొట్టేసి, పక్కన "ఇది వద్దు రా, ప్లగ్ పాయింట్ సంగతి ఉంచు" అని రాసింది. ఉంచాను.