కొండకు వెళ్లాలంటే చేతిలో చీటీ!

అలిపిరి. ఏడుకొండలవాడి గడప. 2021 సెప్టెంబరు నెలాఖరు. తలనీలాల మొక్కు ఉన్నవారు, ముడుపు మూట నడుముకు కట్టుకున్నవారు, చంటిబిడ్డను చంకనెత్తుకున్నవారు తనిఖీ కేంద్రం దగ్గర బారులు తీరారు. సంచీలు చూపితే చాలదు. టీకా చీటీ కూడా చూపాలి.

కరోనా టీకా రెండు డోసులూ వేసుకున్నట్లు ధ్రువపత్రం ఉండాలి. లేదంటే దర్శనానికి ముందు మూడు రోజుల లోపు పరీక్ష చేయించుకుని, కరోనా లేదన్న పత్రం తేవాలి. రెండింటిలో ఏదో ఒకటి తప్పనిసరి అని ఆ నెలలో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. ఏదీ లేనివారు కొండ కిందనే దణ్ణం పెట్టుకుని వెనుదిరగవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ నిబంధన లేదు. ఆ కష్టాన్ని జనం మరచిపోతున్నారు కూడా. కానీ జనం గుంపుగా చేరే చోట టీకా సంగతి అడగడం కరోనాతో మొదలైందీ కాదు, కరోనాతో ముగిసేదీ కాదు. అందుకే ఆనాటి అనుభవాన్ని ఒకసారి నెమరు వేసుకోవడం మంచిది.

కలరా సూది కాలం

ఊళ్లో ఎనభై ఏళ్లు దాటిన పెద్దలను కదిపితే కలరా సూది కథలు చెబుతారు. తిరనాళ్లు, పుష్కరాలు దగ్గర పడుతున్నాయంటే ఆరోగ్యశాఖ వారు సూదులతో దిగేవారు. జబ్బ వాచేది. రాత్రికి జ్వరం కాసేది. సూదిమందు వారు వస్తున్నారని తెలిస్తే గడ్డివాము చాటుకు చేరిన మొనగాళ్లూ ఉన్నారు.

ఈ టీకాను కనిపెట్టిన హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు 1893లో మన దేశానికి వచ్చి, మరుసటి ఏడు కలకత్తా మురికివాడల్లో ప్రయోగించారు. అయితే ఆ సూది కాపాడేది కొందరినే, అదీ కొద్ది నెలలే. సూది వేయించుకున్న మనిషి కూడా కలరా క్రిమిని మరో ఊరికి మోసుకుపోగలడు. అందువల్ల దేశం దాటేవారిని కలరా టీకా పత్రం అడిగే నిబంధనను 1973లో ప్రపంచ ఆరోగ్య సభ తొలగించింది. మంచినీళ్లలో క్లోరిన్ కలపడం, మరుగుదొడ్లు కట్టడం మీద దృష్టి మళ్లింది.

మశూచి టీకా అలా కాదు. అది గట్టిది. 1975లో మన దేశంలో, 1980 నాటికి లోకమంతటా మశూచి పోయింది. దానితో చీటీ అవసరమే లేకుండా పోయింది. టీకా బలాన్ని బట్టే చీటీకి విలువ!

నిబంధన ఎందుకు వచ్చింది?

కరోనా కారణంగా 2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు ఆగిపోయాయి. జూన్‌లో తిరిగి మొదలయ్యాయి. కొద్ది వారాలకే అర్చకులు, సిబ్బంది పలువురికి కరోనా సోకింది. కాబట్టి 2021లో పెట్టిన నిబంధన అధికారుల చాదస్తం కాదు. టీకా వేసుకున్నవారికీ వ్యాధి సోకవచ్చు గాని, ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడింది. ఇది మరువరాదు.

అయితే నిబంధన బరువు అందరి మీదా ఒకేలా పడలేదు. పట్నవాసి జేబులోని ఫోను తీసి చూపించి ముందుకు సాగాడు. పల్లెవాసికి ఫోనుంటే సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉంటే ధ్రువపత్రం ఎలా తీయాలో తెలియదు. పనులు మానుకుని నెట్ సెంటరుకు వెళ్లి కాగితం ముద్రించుకోవలసి వచ్చేది. దర్శనం టికెట్లూ ఆన్‌లైన్‌లోనే కావడంతో అక్కడా అదే తంటా.

డోసుల లెక్క చూడండి. కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య అప్పట్లో 12 నుంచి 16 వారాల ఎడం ఉండేది. ఆగస్టు 1న మొదటి సూది వేయించుకున్న కూలీకి రెండోది అక్టోబరు 24కు ముందు దొరకదు. ఈలోగా దర్శనం కావాలంటే పరీక్షే గతి. ముక్కులోంచి తీసిన నమూనా ప్రయోగశాలకు పోవాలి, ఫలితం రావాలి, ఆ మూడు రోజుల్లోనే బస్సో రైలో అందుకోవాలి.

ఇక కాలినడక భక్తుల మాటేమిటి? పసుపు బట్టలు కట్టి, గోవింద నామం చెప్పుకుంటూ రోజుల తరబడి నడిచి వచ్చే మొక్కు మన సీమలోనూ తమిళనాట కూడా ఉన్నదే. ఇంటి దగ్గర పరీక్ష చేయించుకుని బయలుదేరితే మూడు రోజుల చీటీకి దారిలోనే కాలం చెల్లుతుంది!

చీటీ ఉంది, పరీక్షే లేదు!

2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాకూ పరీక్ష పత్రం అడిగారు. మేళాలో కూడా పరీక్షలు జరిపించారు. తీరా చూస్తే, పరీక్షే చేయించుకోని పంజాబ్ వాసి ఒకరి ఫోనుకు కరోనా లేదంటూ సందేశం వచ్చింది. తీగ లాగితే డొంక కదిలింది. సుమారు లక్ష పరీక్షలు బూటకమన్న అనుమానంతో ఆ జూన్‌లో పోలీసు కేసు నమోదైంది. చేయని పరీక్షకు ఇచ్చిన చీటీ జబ్బును ఆపదు సరికదా, జనానికి లేని ధీమా ఇస్తుంది.

నేటికీ టీకా తప్పనిసరి అయిన యాత్ర ఒకటుంది. అది హజ్. 1987లో అక్కడ మెదడు పొరల వాపు వ్యాధి అయిన మెనింజైటిస్ చెలరేగింది. అప్పటి నుంచి ఆ టీకా లేనిదే యాత్రకు అనుమతి లేదు. అక్కడికి చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. మన హజ్ యాత్రికులకు బయలుదేరే ముందు శిబిరాలు పెట్టి ఈ టీకా వేస్తారు. నిబంధన ఉంది, దానిని నెరవేర్చుకునే దారీ ఉంది. అందుకే యాత్రికులు పెద్దగా ఇబ్బంది పడరు.

జాతర జరిపే పెద్దలు, అధికారులు గమనించవలసిందీ ఇదే. చీటీ అడగదలిస్తే ఆ సంగతి ముందుగా ఊరూరా దండోరా వేయించాలి. టీకా, పరీక్ష పల్లెకే రావాలి. చీటీ లేదని ఆపే చోటనే ఉచితంగా పరీక్ష చేసే బల్ల ఒకటి వేయాలి.

యాత్రికులు కూడా ప్రయాణం ఖాయం కాగానే నర్సమ్మనో, ఆశా కార్యకర్తనో అడిగి టీకా సంగతి తెలుసుకోవాలి. సూది తప్పించుకుని చీటీ మాత్రం సంపాదించే తెలివి వద్దు. తనిఖీ చేసే మనిషి కళ్లు కప్పవచ్చు. జబ్బు కళ్లు కప్పలేం.