స్టీరింగ్ మొరాయిస్తే... ముందు ఎక్కడ చూడాలి?

చెన్నై నుంచి తిరుపతికి కారులో వచ్చేవాళ్లకు నగరి దాటాక తగిలే ఊరు పుత్తూరు. చెయ్యో కాలో విరిగినవాళ్లకైతే అది ‘పుత్తూరు కట్టు’ ఊరు. కట్టు వేసేముందు దెబ్బ ఎక్కడ తగిలిందో చేత్తో తడిమి చూడాల్సిందే. స్టీరింగ్ బరువెక్కిన కారుకూ అదే న్యాయం వర్తిస్తుంది. కానీ కొన్ని షెడ్లలో బానెట్ ఎత్తకముందే ‘ర్యాక్ పోయింది సార్, మార్చేద్దాం’ అనేస్తారు.

మొదట చూడాల్సింది గాలి. ముప్పై పాయింట్లకు పైన ఉండాల్సిన ముందు టైర్లు ఇరవైకి దిగితే ఎంత మంచి స్టీరింగైనా బరువుగానే తిరుగుతుంది. గాలి సరిగ్గానే ఉంటే ముందు చక్రాలను జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్ లాక్ తీసి తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేస్తోందంటే తప్పు బాల్ జాయింట్‌లోనో, స్టీరింగ్ కాలమ్ కింది జాయింట్‌లోనో, చక్రాలను పక్కకు తిప్పే ర్యాక్‌లోనో ఉండొచ్చు. సాఫీగా తిరుగుతుంటే అప్పుడు పవర్ సాయం మీద అనుమానపడాలి.

ఆ సాయం రెండు రకాలు. బొలెరో, పాత ఇన్నోవా లాంటి బండ్లలో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో ర్యాక్‌కు పంపిస్తుంది. వీటి జబ్బు చెవికీ కంటికీ దొరుకుతుంది. స్టీరింగ్ తిప్పగానే కీచుమంటే బెల్టు వదులైనట్టు. మూలుగుతుంటే ఆయిల్ తగ్గిందనో, లోపల గాలి చేరిందనో అర్థం. డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ నురగగా కనిపించడం గాలికి గుర్తు. నల్లబడి మాడు వాసన వేస్తే మార్చే రోజు దాటిపోయినట్టే. ర్యాక్ చివరి రబ్బరు బూటును వేళ్లతో నొక్కితే లోపల ఆయిల్ కదిలిందా, సీలు పోయింది. ఆయిల్ తగ్గింది కదా అని చేతికందిన బ్రేక్ ఆయిల్ పోస్తే మిగతా సీళ్లూ ఉబ్బి పాడవుతాయి. కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి.

ఇప్పటి చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ఎలక్ట్రిక్ మోటారే. 1988లో సుజుకి సెర్వోతో మొదలైన పద్ధతి ఇది. ఆయిలూ లేదు, కారడమూ లేదు. దీని ప్రాణం బ్యాటరీలో ఉంది. అమరాన్ బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి తిరుపతి జిల్లాలోదే, అయినా టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని గీకి చూసేవాళ్లు తక్కువ! వోల్టేజీ పడిపోతే మీటర్లో స్టీరింగ్ గుర్తు వెలిగి, సాయం ఆగిపోవచ్చు. బ్యాటరీ, ఎర్త్ వైరు, ఫ్యూజు చూశాకే స్కానర్ తగిలించాలి. స్కానర్ చూపే కోడ్ ఏ దారిలో వెతకాలో చెబుతుందే తప్ప ఏ పార్టు కొనాలో చెప్పదు.

తిరుమల పార్కింగ్‌లో ముందుకీ వెనక్కీ తిప్పితిప్పి మోటారు వేడెక్కితే తనను కాపాడుకోవడానికి సాయం తగ్గిస్తుంది. కాసేపు వదిలేస్తే మామూలవుతుంది. దానికి కొత్త మోటారు అక్కర్లేదు. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో ఇంజిన్ ఆపి దిగే అలవాటు మాత్రం ప్రాణాంతకం. ఆయిల్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకూ ఇంజిన్ సాయం పోతుంది. నడుస్తుండగా సాయం పోయినా చక్రాలకూ స్టీరింగ్‌కూ లంకె తెగదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి పక్కకు ఆపాలి.

ఒక్కోసారి తప్పు తయారీలోనే ఉంటుంది. స్టీరింగ్ టైరాడ్‌లో లోపం ఉండొచ్చని మారుతి 2023 జులైలో 87,599 ఎస్‌-ప్రెసో, ఈకో బండ్లను వెనక్కి పిలిచింది. 2024 ఆగస్టులో స్టీరింగ్ గేర్‌బాక్స్ అనుమానంతో 2,555 ఆల్టో కె10 కార్లను పిలిచి, పార్టు మార్చేదాకా నడపవద్దని చెప్పింది. షెడ్డుకు వెళ్లేముందు కారు ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో ఒకసారి కొట్టి చూడండి. రీకాల్‌లో ఉంటే మరమ్మతు ఉచితం.