వెలుగునకు తగిన ఫిల్ము

నెగెటివు ఫిల్ముతో తీసిన ఛాయాచిత్రమునకు జన్మలు రెండు: ఒకటి కెమేరాలో, రెండవది ప్రింటు వేయు గదిలో. వెలుతురు కొంత హెచ్చినను తగ్గినను, రంగు కొంత పసుపునకో నీలమునకో మొగ్గినను, ప్రింటు వేయువాడు దానిని చాలవరకు సవరింపగలడు. స్లైడు ఫిల్మునకు ఆ రెండవ జన్మ లేదు. కెమేరాలో వెలుతురు సోకిన ఫిల్ము ముక్కయే కడుగబడి, ఆరి, చట్రములో బిగింపబడి, ప్రొజెక్టరులోనికి పోవును. కావున స్లైడు ఫిల్ము కొనువాడు తన చిత్రముల రంగులను, నీడల గాఢతను అంగడిలోనే సగము నిర్ణయించుకొనుచున్నాడు. ఆ నిర్ణయమును ఫిల్ము పెట్టెమీది పేరు ప్రతిష్ఠలను చూచి కాక, తాను తీయబోవు వెలుగును చూచి చేయవలెనని నా అభిప్రాయము.

ఈ ఫిల్ములో జరుగు రసాయనవ్యాపారము విచిత్రమైనది. ఇందు వర్ణగ్రాహకములైన పొరలు ప్రధానముగా మూడు: పైది నీలకాంతిని, నడిమిది ఆకుపచ్చను, అడుగుది ఎరుపును గ్రహించును. వెండి లవణములకు నీలకాంతిని గ్రహించు గుణము స్వాభావికము గనుక, ఆ కాంతి క్రిందికి దిగకుండ మొదటి పొర దిగువన పసుపు వన్నె గల పలుచని పొర యొకటి అడ్డు నిలుచును. ఫిల్మును కడుగునపుడు మొదటి డెవలపరు, వెలుతురు తగిలిన చోట్ల మాత్రమే వెండిని నలుపుగా తేల్చును. అనగా ఆ క్షణమున అది రంగులు లేని ఒక నెగెటివు. పిమ్మట మరియొక ద్రావణము, వెలుతురు తగులక మిగిలిన లవణమునంతను వెలుతురు తగిలినదానివలె మార్చును. అప్పుడు రంగుల డెవలపరు ఆ మిగిలిన లవణముపై పనిచేయుచు, పొరలలో ముందే పొందుపరచియున్న పదార్థములతో కలిసి పసుపు, మెజెంటా, సయాను వర్ణములను పుట్టించును. తుదకు వెండి యావత్తును కరగించి తీసివేయుదురు. ఇట్లు స్లైడులో నిలిచియుండునది, వెలుతురు పడని చోట పుట్టిన రంగు మాత్రమే. వెలుతురు మిక్కిలిగా పడిన చోట మిగులునది ఏమియు లేదు. ఒట్టి పారదర్శకమైన ఫిల్ము. నేడు స్లైడులన్నింటిని కడుగు ఈ-6 పద్ధతిలో మొదటి డెవలపరును 38 డిగ్రీల సెంటిగ్రేడున, డిగ్రీలో మూడవ వంతైనను తప్పకుండ నిలుపవలెననుటను బట్టి దాని సౌకుమార్యము తెలియును.

స్లైడునకు సహనము తక్కువయని ఫొటోగ్రాఫరులు అందరును ఎరుగుదురు. కారణమును విచారించువారు మాత్రము కొందరే. స్లైడును చూచునది చీకటిగదిలో. చుట్టును చీకటి యున్నపుడు తెరమీది వెలుగునీడల తారతమ్యము కంటికి మందగించి తోచును. దానిని పూరించుటకై తయారీదారులు ఆ తారతమ్యమును ప్రకృతిలో నున్నదానికంటె తీవ్రముచేసి ఫిల్ములో నిలుపుదురు. నెగెటివులోనో, అది ఇంచుమించు సగమునకు కుదింపబడును. ఇందువలన స్లైడులో వివరముతో ఇముడు వెలుగు సుమారు ఐదు స్టాపులు, అనగా ముప్పదిరెండింతలు మాత్రమే. మిట్టమధ్యాహ్నపుటెండలో తెల్లపంచెకును, వేపచెట్టు మొదటి నీడకును గల తారతమ్యము సులభముగా నూరింతలు దాటును. రెండును ఒక స్లైడులో ఇముడవు. ఇట్టియెడ పంచె మడతలు కనబడునట్లు వెలుతురును కొలిచి, నీడను దాని కర్మమునకు వదలివేయవలెను; ఏలన, తెరమీద నీడ నల్లబడినను కన్ను ఓర్చుకొనునుగాని, పంచె స్థానమున వట్టి బల్బు వెలుగు కనబడిన ఓర్చుకొనదు. మనకు కావలసిన ముఖము ఆ నీడలోనే యున్నదా, ఆ చిత్రమును సాయంకాలమునకు వాయిదా వేయుట మంచిది.

పూర్వము ఫిల్ము ఎన్నికకు అవకాశము విశాలముగా నుండెను. 1935లో సినిమా ఫిల్ముగాను, మరుసటి యేట కెమేరా రీలుగాను వెలువడిన కోడాక్రోమును కనిపెట్టినవారు పియానో వాద్యకారుడు లియోపోల్డ్ మానెస్, వాయులీన వాద్యకారుడు లియోపోల్డ్ గొడౌస్కీ. చీకటిగదిలో గడియారము కానరాదు గనుక బ్రామ్స్ సంగీతమును ఈలవేయుచు కాలమును లెక్కించిరని ప్రతీతి. దాని రంగులు ఫిల్ములో నుండక కడుగు ద్రావణములలో నుండెడివి. అందుచే దానిని కడుగుట పెద్ద కర్మాగారములకే సాధ్యమయ్యెను. మన దేశపు వీథులను రంగులలో చూపిన రఘుబీర్ సింగ్ (1942–1999) ప్రీతితో వాడినది ఆ ఫిల్మునే. 2009లో దాని తయారీ ఆగెను. మరుసటి యేడు డిసెంబరు 30న, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున పార్సన్స్ అను ఊరిలో దానిని కడుగు కడపటి లాబును రీళ్లు పుచ్చుకొనుట మానుకొనెను.

నేడు దొరకు స్లైడు ఫిల్ములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వానిలో 1990లో వెలువడిన ఫ్యూజీ వెల్వియా 50 ప్రసిద్ధమైనది. వెల్వియా స్లైడును వెలుగుపెట్టెమీద నుంచి భూతద్దముతో పరికించిన, వరిచేను నిజముగా నున్నదానికంటె రెండాకులు హెచ్చు పచ్చగా మెరయుచుండును. గట్టుమీది తాటిచెట్ల నీడలు మాత్రము గడ్డకట్టిన నలుపు. మబ్బుపట్టిన శ్రావణమాసపు ఉదయమున, వెలుగునీడల భేదము లేక లోకమంతయు చప్పగా తోచునపుడు, ఈ ఫిల్మునకు సాటి లేదు. ఆ ఫిల్మునే మేమాసపు ఎండలో పెండ్లివారి ముఖములపై ప్రయోగించువారిని చూచిన నాకు జాలి కలుగును: బుగ్గలు కందగడ్డలగును. ముఖములకు ప్రోవియా 100ఎఫ్ గాని, 2012లో ఆగి 2018లో మరల వచ్చిన కోడాక్ ఎక్టాక్రోము ఇ100 గాని తగినది; ఇవి రంగులను ఉన్నవానిని ఉన్నట్లు చూప యత్నించును.

వేగము, అనగా వెలుతురును గ్రహించు చురుకు, తక్కువైన ఫిల్మునకు రేణువులు సన్నవను పాతమాట ఇచ్చట నిలువదు. రేణుత్వమును కొలుచు సంఖ్య (అది తగ్గినకొలది రేణువులు సన్నము) వెల్వియా 50కి 9, దానికి రెట్టింపు వేగము గల ప్రోవియాకు 8. అయితే స్ఫుటమైన గీతలను విడదీయు శక్తిలో వెల్వియాదే పైచేయి: మిల్లీమీటరునకు 160 గీతలు, ప్రోవియాకు 140. మామూలు పరిమాణపు తెరపై ఈ భేదములను గుర్తించువాడు అరుదు.

చిరుచీకటిలో తీయువారికి మరియొక విషయము ముఖ్యము. వెలుతురు మిక్కిలి సన్నగిల్లినపుడు ఫిల్ము తన వేగమును కొంత కోల్పోవును. వెల్వియాలో షట్టరు నాలుగు సెకండ్లు తెరచియున్నంతనే సవరణ అవసరమగును. అరువదినాలుగు సెకండ్లు వలదని తయారీదారులే చెప్పుచున్నారు. ప్రోవియాకు 128 సెకండ్ల వరకు ఏ సవరణయు అక్కరలేదు. దీపావళి దీపములకు, నక్షత్రములకు ఏది కొనవలెనో ఈ ఒక్క అంకెయే చెప్పును. ఇక ఇంటి ఫిలమెంటు బల్బుల వెలుగు: ఈ ఫిల్ములన్నియు 5500 కెల్విను పగటి వెలుగునకు కుదిర్చినవి, బల్బు క్రింద నారింజరంగు కమ్మును. 80ఎ అను నీలపు ఫిల్టరు దానిని చాలవరకు సరిచేయును గాని, రెండు స్టాపుల వెలుతురును మింగును.

కొలతయందు సందేహము కలిగిన, అర స్టాపు అటు, అర స్టాపు ఇటు మార్చి మూడు చిత్రములు తీయుట లోభికి కష్టముగాని రీలుకు మేలు. మన వేసవిని కూడ గణింపవలెను. ఎండలో నిలిపిన కారులో వదలిన రీలు రంగు తప్పును. ఫ్రిజ్జులో దాచినదానిని గది వేడికి వచ్చువరకు, ఒకటి రెండు గంటలు, మూత తీయకుండ నుంచవలెను. లేనిచో ఫిల్ముపై చెమ్మ చేరును. తీసిన పిదప ఆలస్యము చేసిన రంగుల సమతౌల్యము చెడును. స్లైడులు కడుగు లాబు నేడు ప్రతి ఊర లేదు. అది దూరనగరమున నున్నచో, పది రీళ్లు పోగగువరకు ఆగక, తీసిన రీలును తీసినట్లే పంపుట మేలు.